నాడీకణాల దారి కనుగొన్న రామోన్ ఇ కహాల్

పదో తరగతి జీవశాస్త్రంలో నాడీకణం బొమ్మ గీయనివారు మన హాస్టల్‌లో ఎవరూ ఉండరు. ఒక కణదేహం, దాని చుట్టూ చెట్టు కొమ్మల్లా డెండ్రైట్లు, ఒకవైపు పొడవాటి తోకలా ఆక్సాన్, దాని చివర చిన్న చిన్న పాయలు. పెన్సిల్ చెక్కుకుని గీస్తాం, భాగాలు గుర్తిస్తాం, మార్కులు తెచ్చుకుంటాం, మరిచిపోతాం. ఆ తోక అంత పొడవు ఎలా పెరిగింది, పెరుగుతూ తాను చేరవలసిన చోటు ఎలా తెలుసుకుంది అని మేము ఎన్నడూ అడగలేదు. వార్షికోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాయాలని అనుకున్నప్పుడు ఈ ప్రశ్న తనకు తాను వేసుకున్న మనిషి ఒకరున్నారని తెలిసింది. ఆయన గురించే ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మేమందరం కాజల్ అని చదివి కాసేపు నవ్వుకున్నాం. స్పానిష్ భాషలో ఆ అక్షరాన్ని హ అని పలుకుతారట. పూర్తి పేరు సాంటియాగో రామోన్ ఇ కహాల్. రామోన్ తండ్రి ఇంటిపేరు, కహాల్ తల్లి ఇంటిపేరు, మధ్యలో ఉన్న ఇ అంటే మరియు అని అర్థం. ఆ దేశంలో పిల్లలకు తల్లి ఇంటిపేరు కూడా వస్తుంది.

ఆయన 1852 మే 1వ తేదీన స్పెయిన్ ఉత్తర భాగంలో పెతియా అనే చిన్న కొండ పల్లెలో పుట్టారు. తండ్రి హుస్తో రామోన్ పేద రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. చిన్నతనంలోనే ఒక పల్లె వైద్యుడి దగ్గర పనికి కుదిరి, క్షౌరమూ చిన్న చిన్న కోతలూ నేర్చుకున్నాడు. తర్వాత కూడబెట్టిన కొద్దిపాటి డబ్బుతో చదువు కోసం బార్సిలోనాకు నడిచి వెళ్ళాడు. ఆకలికి ఓర్చుకుని చదివి వైద్యుడయ్యాడు. ఇలా పైకి వచ్చిన తండ్రులకు ఒక గుణం ఉంటుంది. తాము పడ్డ కష్టం వృథా కాకూడదని కొడుకు మీద పట్టు బిగిస్తారు. హుస్తో కూడా అంతే. కొడుకు డాక్టరు కావాలి, ఇంకొకటి కావడానికి వీల్లేదు.

కొడుకుకేమో బొమ్మల పిచ్చి. కాగితం దొరికితే కాగితం మీద, దొరకకపోతే గోడల మీద, తలుపుల మీద గీసేవాడు. రంగులు కొనడానికి డబ్బు ఉండేది కాదు. చర్చి గోడలకు సున్నం వేయడానికి ఊళ్ళోకి ఒక పనివాడు వస్తే, తండ్రి కొడుకు గీసిన బొమ్మను అతనికి చూపించి తీర్పు అడిగాడు. ఈ పిల్లవాడికి చిత్రకళ రాదని అతను తేల్చేశాడు. ఇంట్లో ఆ రోజు నుంచి బొమ్మలు నిషేధం. పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రంలో అన్నింటికన్నా అందమైన బొమ్మలు గీసిన చేతికి మొదటి తీర్పు చెప్పింది సున్నం కుంచె పట్టిన మనిషి. అతని తప్పు కూడా ఏమీ లేదు. అడిగారు కాబట్టి చెప్పాడు.

పదేళ్ళ వయసు దగ్గరలో సాంటియాగోను హాకా పట్టణంలో మతగురువులు నడిపే బడిలో వేశారు. అక్కడ లాటిన్ పాఠాలు బట్టీ పట్టాలి. పట్టలేకపోతే బెత్తం దెబ్బలు, గదిలో బంధించడం, తిండి పెట్టకపోవడం. పిల్లవాడు బక్కచిక్కిపోయాడు, పాఠాలు మాత్రం రాలేదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక దుంగను తొలిచి ఫిరంగి తయారు చేసి, పొరుగింటివారి దొడ్డి తలుపు పేల్చేశాడు. కొన్ని రోజులు ఊరి జైల్లో పెట్టారు. తండ్రి అడ్డుపడలేదు.

ఈ పిల్లవాడు చదువుకు పనికిరాడని తండ్రికి కోపం ముదిరి, మొదట ఒక మంగలి దుకాణంలో, తర్వాత చెప్పులు కుట్టే ఒకాయన దగ్గర పనికి పెట్టాడు. శిక్షగా పెట్టాడని అన్ని పుస్తకాల్లోనూ రాసి ఉంటుంది. ఈ వాక్యం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. మాలో కొందరి తాతలు ఆ పని చేసే మన తల్లిదండ్రులను పెంచారు. తోలు నానబెట్టడం, లక్క పూసిన దారంతో కుట్టడం, పాదం కొలత చూసి అచ్చు దించడం శిక్ష ఎలా అవుతుందని మాలో ఒకరు అడిగారు. కహాల్ మాత్రం ఆ పనిని చిన్నచూపు చూడలేదు. తనకు ఆ పనిలో చెయ్యి బాగా తిరిగిందనీ, యజమాని సంతోషించాడనీ తన ఆత్మకథలో దాచకుండా, కొంచెం గర్వంగానే రాసుకున్నారు. తర్వాతి కాలంలో వెంట్రుక కన్నా పలుచని ముక్కలు కోసి గాజుపలక మీద పరిచిన వేళ్ళకు నేర్పు తోలు దగ్గర కూడా కొంత అబ్బి ఉంటుందని మేము అనుకుంటున్నాం. ఇది మా ఊహ మాత్రమే.

తండ్రి మళ్ళీ బడికి పంపాడు. 1868 ఎండాకాలంలో ఒక పని చేశాడు. రాత్రిపూట కొడుకును వెంటబెట్టుకుని పాత శ్మశానానికి వెళ్ళి, బయటపడి ఉన్న ఎముకలు ఏరి తెచ్చి, వాటితో పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. లాటిన్ శ్లోకం బుర్రకెక్కని కుర్రవాడికి ప్రతి ఎముకా, దాని మీది ప్రతి గాడీ గుర్తుండిపోయింది. ఎందుకంటే వాటిని చేత్తో పట్టుకుని చూడవచ్చు, గీయవచ్చు. తండ్రీ కొడుకుల తగాదా అక్కడ సగం తీరింది. తర్వాత కొడుకు గీసిన శరీర నిర్మాణం బొమ్మలను పుస్తకంగా వేయించాలని కూడా తండ్రి ఆశపడ్డాడు. అచ్చు వేయగల ముద్రాపకులు ఆ ఊళ్ళో లేక అది ఆగిపోయింది.

1873లో సరగోసాలో వైద్యపట్టా చేతికి వచ్చింది. వెంటనే సైన్యంలోకి పిలుపు వచ్చింది. 1874లో క్యూబాకు పంపారు. అప్పుడు క్యూబా ప్రజలు స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు చేస్తున్నారు. కహాల్‌ను చిత్తడి నేలల మధ్య ఉన్న ఆసుపత్రిలో వేశారు. రోగులతో పాటు డాక్టరుకూ మలేరియా వచ్చింది, రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. రోగుల కోసం వచ్చే తిండి సరుకులు పైవాళ్ళు పక్కదారి పట్టిస్తుంటే ఆయన పట్టుకుని తగాదా పెట్టుకున్నారు. సరుకులు పక్కదారి పట్టడం ఎలా ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. 1875లో ఎముకల గూడులా ఇంటికి తిరిగి వచ్చారు. ఆ ఉద్యోగంలో వచ్చిన జీతం డబ్బులోంచే తర్వాత వాయిదాల మీద ఒక సూక్ష్మదర్శిని కొన్నారు. ఇంట్లో చిన్న గది, ఒక బల్ల, కొన్ని రంగు సీసాలు. ప్రయోగశాల అంటే అంతే.

1878లో క్షయవ్యాధి వచ్చి నోట్లోంచి రక్తం పడింది. కోలుకున్నాక 1879లో సిల్వేరియాను పెళ్ళి చేసుకున్నారు. వారికి ఏడుగురు పిల్లలు. 1883 చివరలో వలెన్సియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు పదవి వచ్చింది. 1885లో అక్కడ కలరా వ్యాపించినప్పుడు రోగకారక క్రిమి మీద పరిశోధన చేసి సరగోసా జిల్లా పాలకులకు నివేదిక ఇచ్చారు. వారు సంతోషించి జర్మనీలో తయారైన జైస్ సూక్ష్మదర్శినిని బహుమతిగా ఇచ్చారు. అప్పటికి అంతకు మించిన పరికరం లోకంలో లేదు. ఏ ఊళ్ళో కలరా రాకపోతే ఆ సూక్ష్మదర్శిని వచ్చేది కాదో ఆ ఊరి వాళ్ళకు ఆయన జీవితాంతం కృతజ్ఞులుగా ఉన్నారు.

ఇక అసలు కథ 1887లో మొదలవుతుంది. మాడ్రిడ్‌లో లూయిస్ సిమర్రో అనే వైద్యుడు కహాల్‌కు ఒక గాజుపలక చూపించాడు. ఇటలీ శాస్త్రవేత్త కమీలో గోల్జీ 1873లో కనిపెట్టిన పద్ధతిలో తయారుచేసిన మెదడు ముక్క అది. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో వేస్తే కొన్ని నాడీకణాలు మాత్రం, నూటికి కొద్ది మాత్రమే, పూర్తిగా నల్లబడతాయి. మిగిలినవి కనిపించవు. పసుపుపచ్చని నేల మీద నల్లసిరాతో గీసినట్టు ఒక్కొక్క కణం కొమ్మలతో సహా తేలుతుంది. అన్నీ నల్లబడితే ఏమీ తెలిసేది కాదు. కొన్నే నల్లబడడం వల్లనే అది పనికివచ్చింది. పద్నాలుగేళ్ళుగా ఆ పద్ధతి ఉన్నా, ఒకసారి కుదిరితే నాలుగుసార్లు చెడిపోయేది కాబట్టి ఎక్కువమంది పట్టించుకోలేదు. కహాల్ అదే ఏడాది బార్సిలోనాకు మారి, ముక్కను రెండుసార్లు ద్రావణాల్లో ముంచి ఫలితం నిలకడగా వచ్చేలా చేశారు.

అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకం ఏమిటంటే, మెదడంతా ఒకే వల. చేపల వలలో దారాలు ముడులుగా కలిసిపోయినట్టు నాడీతంతువులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. గోల్జీ కూడా అదే నమ్మాడు. పెద్ద జంతువు మెదడు చూసిన వారెవరికైనా అలాగే కనిపిస్తుంది. కహాల్ ఇక్కడ ఒక తెలివైన పని చేశారు. పెద్ద జంతువులను వదిలి కోడిపిల్ల పిండాలనూ, అప్పుడే పుట్టిన జంతువులనూ చూశారు. నిలువెత్తు ఎదిగిన జొన్నచేలో నిలబడితే ఏ ఆకు ఏ కర్రదో చెప్పలేము. రెండాకుల మొలకగా ఉన్నప్పుడు గట్టు మీద నుంచే ఒక్కొక్క మొక్కా లెక్కపెట్టవచ్చు. పిండం మెదడు అలాంటి మొలకల చేను. పైగా ఆక్సాన్ల మీద కొవ్వుతొడుగు ఇంకా ఏర్పడదు కాబట్టి వెండి రంగు బాగా పడుతుంది.

1888లో ఆయనకు తేటగా కనిపించింది. తంతువులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం లేదు. ఒక కణం తోక రెండో కణం దాకా వచ్చి, తాకుతున్నట్టు ఆగిపోతున్నది. అంటే ప్రతి నాడీకణం విడి కణమే. వల లేదు. ఈ సంగతి ప్రచురించడానికి పత్రిక ఏదీ లేక తానే ఒక పత్రిక పెట్టారు. 1888 మే నెలలో మొదటి సంచిక 60 ప్రతులు. బొమ్మలు రాయి మీద ఆయనే గీసి అచ్చుకు ఇచ్చారు. ఖర్చు ఇంటి డబ్బు. ఇంట్లో పిల్లల పాలకూ, పత్రిక అచ్చుకూ ఒకే సంచీలోంచి డబ్బు తీసి సర్దింది సిల్వేరియా. ఆమె లేకపోతే సగం కహాల్ లేడని ఆ రోజుల్లోనే అనుకునేవారు. ఆమె గురించి ఇంతకన్నా ఎక్కువ రాసినవారు తక్కువ.

ఆ 60 ప్రతుల్లో చాలావాటిని విదేశీ శాస్త్రజ్ఞులకు పంపితే స్పందన దాదాపు లేదు. స్పానిష్ భాషలో శాస్త్రం ఉంటుందని యూరప్‌లో ఎవరూ అనుకునేవారు కాదు. తెలుగు మీడియంలో చదివి పట్నం కాలేజీకి వెళ్ళిన మన సీనియర్లకు ఆ మౌనం తెలుసు. కహాల్ అలిగి కూర్చోలేదు. వ్యాసాలు ఫ్రెంచి భాషలోకి తిప్పి పంపారు. 1889 అక్టోబరులో బెర్లిన్‌లో జరిగిన జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల సభకు సొంత ఖర్చుతో, గాజుపలకలు మోసుకుని వెళ్ళారు. ఆయన మాట్లాడే ఫ్రెంచి అంతంతమాత్రం. అందువల్ల ఉపన్యాసం మీద ఆశ పెట్టుకోకుండా బల్ల మీద సూక్ష్మదర్శిని పెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి చూడమన్నారు. పెద్దాయన కోలికర్ వంగి చూశాడు. ఆయన అంతకుముందు వల సిద్ధాంతం వైపు ఉన్నవాడు. చూసి మనసు మార్చుకున్నాడు. అప్పటి నుంచి ఈ స్పెయిన్ డాక్టరును తానే అందరికీ పరిచయం చేశాడు. 1891లో జర్మనీకి చెందిన వాల్డేయర్ ఈ విడి కణానికి న్యూరాన్ అని పేరు పెట్టాడు.

ఇప్పుడు మేము మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. ప్రతి కణమూ విడిదైతే ఒక చిక్కు వస్తుంది. వల అయితే అన్నీ ముందే కలిసి ఉంటాయి కాబట్టి దారి సంగతి లేదు. విడి కణాలైతే, పిండంలో ఒక చోట పుట్టిన కణం తన తోకను పెంచుకుంటూ దూరాన ఉన్న సరైన కణాన్ని వెతుక్కోవాలి. వెన్నుపాములో పుట్టిన కణం తోక కాలి కండరం దాకా పోవాలి. కంటిలోని కణం తోక మెదడు దాకా పోవాలి. దారిలో లక్షల కణాలు అడ్డం ఉంటాయి. తప్పు చోటుకు పోతే చూపు చూపు కాదు, నడక నడక కాదు.

1890లో కహాల్ మూడు నాలుగు రోజులు పొదిగిన కోడిగుడ్ల పిండాల వెన్నుపామును చూస్తూ, పెరుగుతున్న ఆక్సాన్ కొనలో ఒక ఉబ్బును గమనించారు. శంకువు ఆకారం, దాని అంచుల నుంచి చిన్న చిన్న వేళ్ళలాంటి మొలకలు. ఆయన దానికి వృద్ధి శంకువు అని పేరు పెట్టారు. పందిరి వైపు పాకే బీరతీగ కొనను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తీగ కొన గాలిలో తడుముతూ, దొరికిన పుల్లను పట్టుకుంటూ పోతుంది. ఆయన చూసినది కదలని ముక్క. రంగు వేసేసరికే అది చచ్చిపోయి ఉంటుంది. అయినా ఒక రోజు పిండం, ఇంకొక రోజు పిండం వరుసగా పెట్టి చూసి, ఈ కొన కదులుతుందనీ, అమీబాలా ముందుకు పాకుతుందనీ, అడ్డం వచ్చిన కణాలను తోసుకుని పోతుందనీ చెప్పారు. అమెరికాలో రాస్ హారిసన్ 1907లో కప్ప పిండం నుంచి తీసిన నాడీకణజాలాన్ని బతికి ఉండగానే గాజుపలక మీద పెట్టి చూసినప్పుడు, ఆ కొన నిజంగానే కదులుతూ కనిపించింది.

కొన కదులుతుంది సరే, ఎటు కదలాలో ఎలా తెలుస్తుంది? కొందరు మెత్తగా ఉన్న చోటుకు పోతుందన్నారు, నీరు పల్లానికి పోయినట్టు. కహాల్‌కు అది చాలలేదు. 1892లో నేత్రపటలం మీద రాస్తూ ఇంకొక మాట చెప్పారు. చేరవలసిన చోటు నుంచి ఏదో రసాయనం వెలువడుతుంది, వృద్ధి శంకువు దాని జాడ పట్టుకుని వస్తుంది. చీమ బెల్లం వాసనకు వచ్చినట్టు అని మనం చెప్పుకోవచ్చు. ఈ ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆయన మొదట సూక్ష్మక్రిములనూ, వాపులనూ చదివిన మనిషి. శరీరంలో చీముపట్టిన చోటుకు తెల్ల రక్తకణాలు రసాయనాల జాడ పట్టుకుని పోతాయని అప్పుడే కొత్తగా తెలుస్తున్నది. తెల్లకణం చేసే పని నాడీకణం కొన ఎందుకు చేయకూడదని ఆయన అడిగారు. వెన్నుపాము వెనుకవైపు పుట్టిన కొన్ని కణాల తోకలు నేరుగా కిందికి దిగి, మధ్యగీత దాటి అవతలి వైపుకు పోవడం ఆయన బొమ్మల్లో కనిపిస్తుంది. వాటిని అక్కడికి రప్పించేది ఏదో ఉండాలి. ఆ ఏదో ఏమిటో చూపించే సాధనం ఆయన దగ్గర లేదు. ఆయన జీవితకాలంలో ఎవరి దగ్గరా లేదు.

1892లో మాడ్రిడ్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1894లో లండన్ రాయల్ సొసైటీ పిలిచి ఉపన్యాసం ఇప్పించింది. 1906లో నోబెల్ బహుమతి వచ్చింది, గోల్జీతో కలిపి. ఇద్దరూ స్టాక్‌హోమ్‌లోనే మొదటిసారి కలుసుకున్నారు. ఒకరి పద్ధతితో రెండోవారు చూసి, మొదటివారి సిద్ధాంతాన్ని కొట్టివేశారు. గోల్జీ తన నోబెల్ ఉపన్యాసంలో న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించాడు. కహాల్ వింటూ కూర్చున్నారు. 1950ల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక రెండు నాడీకణాల మధ్య ఖాళీ కంటికి కనిపించింది. మిల్లీమీటరులో 50 వేల వంతు ఉంటుంది. ఆ తగాదా అప్పటితో ముగిసింది.

ఆయనను దేవుణ్ణి చేయడం మాకు ఇష్టం లేదు. తన ప్రయోగశాలలో పనిచేసిన పియో దెల్ రియో ఓర్తేగా మెదడులో నాడీకణాలు కాని మరికొన్ని కణాలను కొత్తగా వేరుచేసి చూపించినప్పుడు, కహాల్ వాటిలో కొన్నింటిని సులభంగా ఒప్పుకోలేదు. 1920లో మనస్పర్థలు పెరిగి ఆ శిష్యుణ్ణి ప్రయోగశాల నుంచి బయటకు పంపించేశారు. శిష్యుడు చూసినదే నిజమని తర్వాత తేలింది. సున్నం వేసే మనిషి తీర్పు వల్ల బాధపడిన పిల్లవాడు పెద్దవాడై ఇంకొకరి విషయంలో తొందరపడి తీర్పు చెప్పాడు.

రసాయనపు జాడ సంగతి ఆయన వదిలిపెట్టలేదు. తెగిన నరాల మీద ఏళ్ళ తరబడి పనిచేసి 1913, 1914లో రెండు సంపుటాల పుస్తకం వేశారు. అర్జెంటీనాలో స్థిరపడిన స్పెయిన్ వైద్యులు డబ్బు పోగుచేసి దాన్ని అచ్చువేయించారు. కాలిలోనో చేతిలోనో నరం తెగితే, పై ముక్క నుంచి కొత్త మొలకలు వచ్చి కింది ముక్కను వెతుక్కుంటూ పోతాయి. కింది ముక్కను కొంచెం పక్కకు జరిపినా మలుపు తిరిగి దాన్నే చేరతాయి. కింది ముక్కలోని కణాలు రసాయనం విడుస్తున్నాయని ఆయన అర్థం చేసుకున్నారు. మెదడులో, వెన్నుపాములో మాత్రం మొలకలు మొదలై ఆగిపోతాయి. నడుము విరిగినవారికి కాళ్ళు మళ్ళీ రాకపోవడం ఇందుకే. అక్కడ రప్పించే రసాయనం లేకపోవడమే కారణమేమోనని ఆయన అనుమానించారు. శిష్యుడు తేయో కాలి నరం ముక్కను కుందేలు మెదడులో నాటితే కొన్ని తంతువులు అందులోకి పెరిగాయి. 1981లో కెనడాలో డేవిడ్, అగ్వాయో అనే ఇద్దరు ఎలుకల మీద అదే పని కొత్త పద్ధతుల్లో చేసి, మెదడు, వెన్నుపాము కణాలకు పెరిగే శక్తి ఉందనీ, చుట్టూ ఉన్న వాతావరణమే పెరగనివ్వడం లేదనీ నిరూపించారు. పెరుగుదలను అడ్డుకునే పదార్థాలు కూడా అక్కడ ఉన్నాయని ఆ తర్వాత తేలింది.

సిల్వేరియా 1930లో చనిపోయింది. కహాల్ 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో 82 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అప్పటికి రసాయనపు జాడ అనే మాటను చాలామంది శాస్త్రజ్ఞులు పక్కనపెట్టారు. తోకలు ఎటుపడితే అటు పెరుగుతాయి, వాడకాన్ని బట్టి తర్వాత సర్దుకుంటాయి అనే వాదం రాజ్యమేలింది.

దాన్ని కదిలించినవాడు అమెరికాకు చెందిన రోజర్ స్పెర్రీ. 1940ల్లో ఆయన నీటి బల్లి వంటి జీవుల కంటినరం కోసి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి పెట్టాడు. నరం మళ్ళీ పెరిగింది. ఆ జీవికి చూపు వచ్చింది, కానీ తలకిందుల చూపు. పురుగు పైన ఉంటే కిందికి నోరు చాపేది. ఎన్నాళ్ళు గడిచినా సర్దుకోలేదు. అంటే ప్రతి తంతువూ తన పాత చోటును గుర్తుపట్టి అక్కడికే పోయిందన్నమాట. రసాయన గుర్తులు ఉండి తీరాలని ఆయన 1963లో సిద్ధాంతం చేశాడు. ఇటలీలో రీటా లెవీ మోంటాల్చీని యూదురాలు కావడంతో 1938 చట్టాల వల్ల ఉద్యోగం పోగొట్టుకుని, యుద్ధకాలంలో తన పడకగదిలో కోడిగుడ్ల మీద పరిశోధన చేసింది. ఆమె 1950ల్లో అమెరికాలో స్టాన్లీ కోహెన్‌తో కలిసి పనిచేసి, కొన్ని నాడీకణాలను బతికించి పెంచే ప్రోటీన్‌ను చూపించింది. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

కహాల్ ఊహించిన రసాయనం మాత్రం 1994లో చేతికి చిక్కింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వేల కోడిపిల్ల పిండాల మెదళ్ళు నూరి, వడపోసి, వెన్నుపాము తంతువులను ఆకర్షించే ప్రోటీన్లను వేరుచేశారు. ఆయన 1890లో బొమ్మ గీసిన ఆ తంతువులే, మధ్యగీత దాటే తంతువులే. ఆ ప్రోటీన్‌కు నెట్రిన్ అని పేరు పెట్టారు. దారి చూపేవాడు అనే అర్థం గల సంస్కృత పదం నుంచి ఆ పేరు తీసుకున్నారు. మనం రోజూ వాడే నేత అనే మాట కూడా అక్కడి నుంచి వచ్చినదే. గోడల మీద ఆ మాట చూసి చూసి విసుగెత్తిన మాకు ఇంత చిన్న అణువుకు అది సరిగ్గా అతకడం ముచ్చటగా అనిపించింది.

పిలిచే రసాయనాలే కాదు, తరిమే రసాయనాలు కూడా ఉన్నాయి. 1999 నాటికి స్లిట్ అనే ప్రోటీన్ పని తెలిసింది. మధ్యగీత దాటిన తంతువుకు అంతవరకు పట్టని ఈ స్లిట్ అప్పటి నుంచి ఘాటుగా తగులుతుంది. అందుకే అది వెనక్కి తిరిగి మళ్ళీ దాటదు. ఒకసారి రేవు దాటినవాణ్ణి తిరిగి పడవ ఎక్కనివ్వని కాపలాదారు అన్నమాట. 2017లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలు కహాల్ చిత్రాన్ని కొంచెం సవరించాయి. మధ్యగీత దగ్గర నుంచి వ్యాపించే నెట్రిన్ కన్నా, దారి పొడవునా ఇతర కణాలు పరిచిపెట్టిన నెట్రిన్ ఎక్కువ ముఖ్యమని తేలింది. దూరపు వాసన పాత్ర తగ్గింది, కాళ్ళ కింద జిగురు పాత్ర పెరిగింది.

ఇది కోడిపిల్లల ముచ్చటే అనుకోవద్దు. కొందరికి పుట్టుకతోనే ఒక ఇబ్బంది ఉంటుంది. కుడిచేత్తో రాస్తుంటే ఎడమచేయి కూడా దానంతట అదే రాస్తున్నట్టు కదులుతుంది. ఆపుదామన్నా ఆగదు. బడిలో ఇలాంటి పిల్లవాణ్ణి చూస్తే కావాలని వెక్కిరిస్తున్నాడనుకుని కొట్టేవాళ్ళు ఉంటారు. వృద్ధి శంకువు మీద నెట్రిన్‌ను పసిగట్టే ముక్కులాంటి అణువు ఒకటి ఉంటుంది. ఇలాంటి కొన్ని కుటుంబాల్లో ఆ అణువును తయారుచేసే జన్యువులోనే లోపం ఉందని 2010లో కనుగొన్నారు. తల్లి కడుపులో ఉండగా దాటవలసిన తంతువులు సరిగా దాటకపోవడంతో, ఒక చేతికి ఇచ్చిన ఆజ్ఞ రెండు చేతులకూ పోతున్నది.

కహాల్ గీసిన బొమ్మలు దాదాపు 3 వేలు మిగిలి ఉన్నాయి. 2017లో యునెస్కో ఆయన పత్రాలను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. పక్క పేజీలో ఉన్న బొమ్మను వాటిలో ఒకదాన్ని చూసి మా తొమ్మిదో తరగతి తమ్ముడు ఇంకుతో వేశాడు. పాఠ్యపుస్తకం బొమ్మలో లేని వృద్ధి శంకువును కొంచెం పెద్దదిగా వేయించాం. సైజు నిజానికి అంత ఉండదు.